తుపాకులు కారులోనే వదిలి రండి

సౌదీలోని హాయిల్‌లో నేను పనిచేసిన దుకాణంలో ఎడారికి వెళ్లేవాళ్ల సామాను అమ్మేవాళ్లం. గుడారాలు, ఫ్లాస్కులు, మడత కుర్చీలు, బొగ్గుల పొయ్యిలు. వెనక మూల మాత్రం పక్షుల వేటకు వాడే ఎయిర్ గన్నులు, వాటి సీసం గుళ్లు ఉండేవి. ఆన్‌లైన్ ఆర్డర్లు చూడటం, దుకాణం పేరు మీద ఉన్న సోషల్ మీడియా ఖాతా నడపడం నా పని. రెండూ నా ఫోన్లోనే కాబట్టి అన్నం తినేటప్పుడు కూడా ఎడమచేతిలో అది ఉండాల్సిందే. విజయవాడలో పుట్టి పెరిగినవాణ్ణి. అక్కడ తుపాకీ అంటే బ్యాంకు ముందు స్టూలేసుకుని కూచునే గార్డు ఒళ్లో చూడటమే.

ఆ వెనక మూల బాబాయ్‌ది. సొంత బాబాయ్ కాదు. కరీంనగర్ వైపు మనిషి, గల్ఫ్ యుద్ధానికి ముందు ఏడాది సౌదీ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. వేటగాళ్లు తమ గన్నులు తెచ్చి ఆయన బల్ల మీద పెడితే, వాటికి దుర్బీన్ బిగించి, గురి సరిచేసి ఇచ్చేవాడు. బల్ల చుట్టూ నాలుగు దిండ్లు, అరబ్బుల కాఫీ గహ్వా ఉండే కెటిల్ ఒకటి. పని అయ్యేదాకా వాళ్లు చెప్పులు విప్పి కూచుని కబుర్లాడేవారు. పని పావుగంట, కబుర్లు రెండు గంటలు. వెళ్లేటప్పుడు గుడారమో మడత కుర్చీయో కొనుక్కుపోయేవాళ్లు.

ఒకరోజు సాయంత్రం ఆ బల్ల మీద ఉన్న గన్ పేలింది. తెచ్చినతను ఖాళీ అనే అనుకున్నాడట. గుండు వచ్చి నా పక్కనున్న నీలం ఐస్ బాక్స్ మూతలోంచి దూరింది. ఆ మూత నా మోకాలి ఎత్తు. ఒక్క నిమిషం ముందు ఒక పాప దాని మీద కూచుని కాళ్లూపింది. ఆ గన్ తెచ్చినాయన మీద తెలుగులోనే అరిచాను. అర్థం కాకపోయినా ఆయన తలొంచుకున్నాడు.

వారంలో రియాద్ ఆఫీసు నుంచి రూల్ వచ్చింది. దుకాణంలోకి ఎవరూ గన్ తేకూడదు. కాగితం ప్రింట్ తీసి తలుపుకు నేనే అతికించాను: తుపాకులు కారులోనే వదిలి రండి. అతికించేటప్పుడు నాకు చాలా సంతోషంగా ఉంది. బాబాయ్ మాత్రం ఆ అరబీ అక్షరాల్ని కూడబలుక్కుని చదివి, "మరి దుర్బీన్ దేనికి బిగియ్యాలెరా, నీ సెల్లుకా?" అన్నాడు.

ఆ కాగితం ఫొటో మా ఖాతాలో పెట్టగానే కామెంట్లు మొదలయ్యాయి. ముప్పై ఏళ్లుగా వస్తున్నాం, మమ్మల్ని దొంగల్లా చూస్తారా అని ఒకరు. అతిథి చేతిలోది గుమ్మం బయట పెట్టించే ఇల్లు ఇల్లేనా అని ఇంకొకరు. నేను ఊరుకోవచ్చు. ఊరుకోవడం నాకు చేతకాదు. "గన్ వదిలి రాలేనివాళ్లు దాంతో పాటు కారులోనే కూచోండి" అని టైపు చేసి, ఫోన్లో అరబీలోకి మార్చి, దుకాణం పేరు మీదే పెట్టేశాను. అనువాదంలో ఏ తప్పూ రాలేదు. నేనన్నదే వాళ్లకు చేరింది.

తెల్లారేసరికి అది వేటగాళ్ల వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. మకాతా, అంటే బహిష్కరణ. ఆ దుకాణంలో గుళ్లే కాదు, గుడారం మేకు కూడా కొనొద్దని. చలికాలం మొదలు, మాకు అసలు బేరం అప్పుడే. ఎదురు దుకాణం ముందు బళ్లు వరసకట్టాయి. మా తలుపు తెరుచుకుంటే అది టీ కుర్రాడో కరెంటు బిల్లో.

"పోతే పోనీ బాబాయ్, పీడా పోయింది," అన్నాను.

"పీడ పోతే మనం గూడ పోతం గదరా," అన్నాడు.

రియాద్ మేనేజర్ ఫోన్ చేసేదాకా నాకది అర్థం కాలేదు. ఆయన లక్నో మనిషి, మెత్తగా హిందీలో మాట్లాడతాడు. గన్నులు రానప్పుడు ఆ బల్లతో పనేముంది, నెలాఖరుకు తీసేయండి అన్నాడు. మరి బల్ల దగ్గర పనిచేసే మనిషి సంగతి అని అడిగాను. ఆయన ఇకామా గడువు ఎలాగూ దగ్గరికొచ్చింది కదా, ఫైనల్ ఎగ్జిట్ వేసి ఇంటికి పంపేద్దాం అన్నాడు.

ఇకామా అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు. అది కొత్తది కాకపోతే మనిషి విమానం ఎక్కాల్సిందే. బాబాయ్‌కి చెప్పాను. ఆయన తుడిచిన దుర్బీన్ అద్దమే మళ్లీ తుడిచాడు.

"ఇంటికి పోయి నేనేం పని పట్టుకోవాలెరా? ఊర్లె ఎవలికి దుర్బీన్ బిగియ్యాలె? పాతికేండ్లు ఇదొక్కటే చేసిన."

"నా వల్లే కదా బాబాయ్."

"నీ ఒక్కని వల్లనా? నువ్వు ఎప్పటికెల్లి అంత పెద్దోనివైనవ్?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు తిట్టుకన్నా కష్టంగా తోచింది.

గదికి వెళ్లి మంచం మీద పడి ఆలోచిస్తే ఏదీ తేలలేదు. రూల్ తప్పా? ఐస్ బాక్స్‌లో బొక్క నా కళ్లతో చూశాను. పోనీ, వాళ్లు కొనడం మానడం తప్పా? వాళ్ల డబ్బు, వాళ్ల ఇష్టం. నేను మాత్రం? రెండేళ్ల కింద బిరియానీ ఆలస్యంగా తెచ్చారని ఒక యాప్ తీసేసి, చుట్టాలందరి చేతా తీయించినవాణ్ణి. అప్పుడా బిరియానీ తెచ్చిన అబ్బాయి ఏమయ్యాడో నేను అడగలేదు. గన్ ఉన్నవాళ్లు కోపంతో దుకాణం మానేస్తే గన్ ముట్టడమంటే భయపడే నేను ఎవరి పక్షం? ఫోన్ తీసి కామెంట్లు మళ్లీ చదివాను. చదివినకొద్దీ రెండువైపులా న్యాయంగానే కనపడి చిరాకేసింది.

మర్నాడు బాబాయ్‌ని అడిగాను, ఇలాంటిది ఇంతకుముందు చూశావా అని.

"యుద్ధమప్పుడు రియాద్‌ల ఉన్న. మా గల్లీల ఒక యెమనీ రొట్టెల దుకాణం ఉండె. వాళ్ల సర్కారు ఏమన్నదో ఏమో, జనం ఆయన తాన కొనుడు బంద్ వెట్టిన్రు. ఆయన రొట్టెలు చేసుడు తప్ప ఏమన్నడు పాపం? ఒకనాడు షట్టర్ గుంజి పోయిండు."

"నువ్వు కొన్నావా?"

"మొదటి రెండు రోజులు కొన్న. తర్వాత నలుగురు చూస్తరని నేను గూడ మానేసిన." ఆ మాట చెప్పి స్క్రూలు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

ఆ వారమే బాబాయ్ ఇకామా కోసం మెడికల్ పరీక్షకు వెళ్లాడు. కంపెనీ ఎగ్జిట్ వేస్తానంటుంటే పరీక్ష దేనికని అడిగితే, "నా వంతు నేను చెయ్యాలె గద" అన్నాడు. దుకాణంలో నేనొక్కణ్ణే. అప్పుడు వచ్చాడు ఆ పెద్దాయన. తెల్లగడ్డం, చేతిలో కర్ర. వేటగాళ్ల గ్రూపుకు ఆయనే పెద్ద అని, మకాతా మొదలుపెట్టిందీ ఆయనేనని నాకు తెలుసు. గన్ తేలేదు. నేరుగా వెళ్లి దిండు మీద కూచున్నాడు.

తిడతాడనుకున్నాను. ఏం చేయాలో తోచక కెటిల్లోంచి గహ్వా పోసి ఇచ్చాను. ఆయన ఆ చిన్న కప్పు అందుకుని, తాగకుండా ముందు నేల మీద పెట్టాడు. నాకో అవసరం ఉండి వచ్చాను, మా గన్నులు మళ్లీ ఆ బల్ల మీదికి రావాలి, అన్నాడు. వచ్చీరాని నా అరబీకి కూడా అందేలా నిదానంగా చెప్పాడు.

నేను ఫోన్ వైపు చూస్తూ తలూపాను. ఏం చెప్పినా తంటానే. ఆయన కప్పు ముట్టుకోవడం లేదు. మా గహ్వా కూడా బహిష్కరించాడా అని ఒళ్లు మండింది. అయినా ఈసారి మంచిగా ఉండాలనుకున్నాను. బాబాయ్ కోసం. కప్పు తీసి ఆయన చేతికిచ్చి, "తాగండి పెద్దాయనా, తాగండి" అన్నాను.

ఆయన నా మొహంలోకి సూటిగా చూశాడు. ఒక్క గుక్కలో తాగేసి, నా భుజం తట్టి, సలాం చెప్పి వెళ్లిపోయాడు. ఎంత తేలిగ్గా అయిపోయిందో అని నాకు నేనే శభాష్ అనుకున్నాను.

బాబాయ్ మధ్యాహ్నం వచ్చాక జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన సంచీ భుజం మీదే ఉంచుకుని నిలబడిపోయాడు.

"కప్పు కింద వెట్టిండా?"

"ఆ."

"నువ్వు తాగుమన్నవా?"

"చల్లారిపోతుంది కదా బాబాయ్! మంచికి పోయి..."

"ఓరి పోరడా! అడిగేటోడు కప్పు కింద వెడితే, నువ్వు ఒప్పుకునేదాకా తాగడన్నట్టు. తాగుమన్నవంటే నీ పని అయిపోయిందని మాటిచ్చినవన్నట్టు. గిది ఇక్కడ చిన్నపిల్లగానికి గూడ ఎరుకే."

"నాకెలా తెలుస్తుంది? ఎవరైనా చెప్పారా? నేను మేనేజర్నా, మాటివ్వడానికి?"

"దుకాణంల కూసున్నవ్, గహ్వా పోసినవ్. వాళ్ల లెక్కల ఇల్లు నీదే."

ఇంతలో నా ఫోన్ మోగడం మొదలుపెట్టింది. దుకాణం మాటిచ్చింది, మకాతా అయిపోయింది అని గ్రూపుల్లో తిరుగుతోంది. కింద గులాబీ పూల బొమ్మలు. నాకు దణ్ణాలు పెడుతున్న బొమ్మలు. ఫోన్ విసిరికొట్టాలనిపించింది.

"వెళ్లి నాకు తెలియదని చెప్పేస్తా," అన్నాను.

"చెప్పు. ఆయన ఏమనడు, పెద్దమనిషి. కానీ నలుగురిల సిన్నబోతడు," అన్నాడు. కాసేపు తలుపు మీది కాగితం వైపు చూశాడు. "దుకాణంలకు తేవద్దనే గదరా రాసింది? బల్ల పట్టు."

బల్ల చాలా బరువు. ఇద్దరం మోసుకెళ్లి పార్కింగ్‌లో గోడ నీడన వేశాం. మర్నాడు సాయంత్రం అసర్ నమాజు తర్వాత అయిదు బళ్లు వచ్చాయి. బాబాయ్ ఒక్కొక్క గన్ అందుకుని, ముందు ఇసుక నింపిన డబ్బాలోకి పేల్చి ఖాళీ అని చూసుకున్నాకే బల్ల మీద పెట్టాడు. పెద్దాయన గోడకానుకుని చూశాడు. పైన ఆకాశం చూపించి ఏదో అన్నాడు. అందరూ నవ్వారు. నాకు అర్థం కాకపోయినా నవ్వాను.

మేనేజర్‌కి నేనే ఫోన్ చేసి చెప్పాను, తాగమన్న సంగతితో సహా. మకాతా పోయి బేరం మళ్లీ మొదలైందని కూడా చెప్పాను. సరే, ఎగ్జిట్ వద్దులే, బల్ల ఉంచుకోండి, బయటే ఉండాలి, ప్రతి గన్‌కీ పర్మిట్ చూడాలి, ఫొటో తీసి పంపాలి అన్నాడు. అది ఎవరు చేస్తారని అడిగితే, ఫోన్ ఎవరి చేతిలో ఎప్పుడూ ఉంటుందని ఆయనే అడిగాడు. బాబాయ్ ఇకామా రెండు వారాల్లో కొత్తదై వచ్చింది. ఆ కార్డును బాబాయ్ చొక్కా అంచుతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

అదే సాయంత్రం ఒక తల్లి మా ఖాతాకు మెసేజ్ పెట్టింది. మీరు గన్నులు వద్దన్నారని తెలిసి నా పిల్లల్ని ధైర్యంగా తీసుకొచ్చాను, తీరా కారు దిగగానే గన్నులున్న బల్ల, మీ దుకాణానికి ఇక రాము, మా స్నేహితులకు కూడా చెప్తాను, అని రాసింది. మర్యాదగానే రాసింది. నాకు కోపం తెచ్చుకోవడానికి ఎక్కడా సందు దొరకలేదు.

జవాబు టైపు చేశాను. చెరిపేశాను. క్షమించమనా, రమ్మనా, మీరన్నదే నిజమనా?

"బాబాయ్, ఈవిడకి ఏం రాయాలి?"

ఆయన ఒక గన్ మీదికి వంగి, స్క్రూ తిప్పుతున్నాడు. "నన్నడుగుతవా? ఆమె అన్నదాంట్ల తప్పేమున్నది?"

"మరి బల్ల తీసేద్దామా?"

"తీస్తే నేను పోవాలె గద."

పర్మిట్ పట్టుకుని ఒకతను నా ముందు నిలబడ్డాడు. ఫొటో తీయడానికి కెమెరా తెరవాలంటే ఆమె మెసేజ్ మూసేయాలి. మూసేసి ఫొటో తీశాను.