ముందే నింపి ఉన్న గడి

సత్యప్రియది తమిళనాడులోని కోవిల్‌పట్టి. రోజూ పొద్దున్నే రైలెక్కి, విరుదునగర్‌లో మాట పడిపోయినవాళ్లకు చికిత్స చేసే కేంద్రానికి వెళుతుంది. వచ్చినవారి వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించడం ఆమె పని. తెరమీద ఒక్కొక్కరికి ఒక్కో ఫారం తెరుచుకుంటుంది. పేరు, ఊరు, జబ్బు ఆమె కొట్టాలి. ‘ఇంటి భాష’ అన్న గడిలో మాత్రం ‘తమిళం’ అని ముందే పడి ఉంటుంది. కాదన్నవాళ్లకు మార్చాలి. కాదనేవాళ్లేరీ? గడప దాటితే తమిళమే మాట్లాడే మనవాళ్లు కౌంటర్ దగ్గర తెలుగు బయటపెడతారా! సత్యప్రియ ఇంట్లోనూ తెలుగే. అయినా ఆమె ఆ గడి జోలికి ఎన్నడూ పోలేదు. తన చేతివేగం మీద కాస్త గర్వం కూడాను.

కడంబూరు పక్క పల్లె నుంచి రాఘవేంద్రన్ తన తల్లి ముత్తమ్మాళ్‌ను తీసుకొచ్చాడు. పక్షవాతంతో ఆమెకు మాట పోయింది. ఫారం నింపగానే, ఆ గడిలో ఉన్న భాషను బట్టి సూచనల కాగితం అచ్చయి వచ్చింది: “ఇంట్లోనూ తమిళంలోనే మాట్లాడించండి. భాషలు కలపవద్దు.” రాఘవేంద్రన్ దాన్ని తుచ తప్పకుండా పాటించాడు. నెలలు గడిచినా ముసలామె నోరు విప్పలేదు.

చికిత్స చేసే అమ్మాయి బృందకు తెలుగు రాదు. పాపం, ఆమె చేయని ప్రయత్నం లేదు. చివరికి విసిగి, ఇక ముగించెయ్యమంది. సత్యప్రియ ఫారం తెరిచి, ‘చికిత్స ముగిసింది’ అని మార్చబోతూ ఊరి పేరు చూసింది. అది తన మేనత్తను ఇచ్చిన ఊరు. అక్కడ చాలావరకు తెలుగు ఇళ్లే. ఆనాడు వేళ్లు కొట్టాయే గానీ కళ్లు చదవలేదు.

లేచి చికిత్స గదిలోకి వెళ్లి, బల్లమీది బొమ్మల కార్డుల్లోంచి చీపురు బొమ్మ తీసి, కొడుకు పక్కన కూర్చున్న ముసలామె ముందు పెట్టింది.

“అవ్వా, ఇదేందవ్వా?”

ముత్తమ్మాళ్ పెదవులు వణికాయి.

“పొ... పొరక.”

బృంద నిర్ఘాంతపోయింది. సత్యప్రియకు సంతోషం కన్నా సిగ్గే ముందొచ్చింది. తప్పు తనదేనని బృందకు తమిళంలో చెప్పి, రాఘవేంద్రన్ వైపు తిరిగింది.

“ఇంట్లో మన మాటేనని ఏల చెప్పలేదన్నా?”

“ఆస్పత్రిలో మన మాట ఎట్ల చెప్పేదమ్మా...” అతను తల దించుకున్నాడు.

“నేనూ అడగలేదు. ఇప్పుడు మాట్లాడన్నా.”

తల్లి జబ్బు పడిన నాటినుంచి రాఘవేంద్రన్ ఆమెను విడిచి ఒక్క పూటా ఉండలేదు. తినిపించిందీ, స్నానం చేయించిందీ అతనే. ఇప్పుడు దగ్గరగా వంగి తెలుగులో అన్నాడు:

“అమ్మా, నేనమ్మా.”

ఆమె అతని చెంప తడిమింది. ఒక్కో మాటే వెతుక్కుంటూ అడిగింది.

“ఇన్నినాళ్లు... ఏడికి పోతివి నాయనా?”