కెరటం విరిగాక పిలవాలి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరైనా నెమ్మదిగా మాట్లాడితే ఒంట్లో బాగోలేదనుకునేవాళ్లం. విశాఖ పోర్టు పక్కన, సముద్రాన్ని ఆనుకున్న పేట మాది. కెరటాల హోరు, ఓడల కూతల మధ్య మాట వినపడాలంటే అరవక తప్పదు. ఆ గొంతుతోనే బడికి వెళితే "చేపలమ్మి వచ్చింది" అని పోర్టు క్వార్టర్ల పిల్లలు నవ్వేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. నాలుగో తరగతికొచ్చేసరికి నోరు విప్పడమే మానేశాను. హాజరు పలకడం వినపడక టీచరుగారు నాకు ఆబ్సెంటు వేసిన రోజులు కూడా ఉన్నాయి.

ఒక ఆదివారం పొద్దున్న పడవలు ఒడ్డెక్కాయి. క్వార్టర్లలో ఉండే బెంగాలీ ఆవిడ నాలుగేళ్ల కొడుకుని వెంటబెట్టుకుని చేపలకు వచ్చింది. మొప్పలెత్తి చూడటంలో ఆవిడ మా వాళ్లకే పాఠం చెప్పగలదు. ఆవిడా, మా మామ్మా బేరంలో పడ్డారు. తల తిప్పి చూసేసరికి పిల్లాడు లేడు.

"ఖోకా! ఖోకా!" అంటూ ఆవిడ ఒడ్డంతా పరిగెత్తింది. వాళ్ల భాషలో బుజ్జిబాబు అన్నమాట. అప్పుడే పోటు మొదలైంది. కాసేపట్లో అవతలి రాళ్లగుట్ట దారి మునిగిపోతుందని పేటలో అందరికీ తెలుసు. మేమంతా గోల గోలగా అరుస్తుంటే మామ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"అలా ముక్కలు ముక్కలుగా పిలిత్తే కెరటం మింగేత్తాదమ్మా. పేరు సివర 'ఓ' అని సాగదియ్యాల. కెరటం ఇరిగినాక, ఇంకోటి లెగిసేలోపు ఒదలాల."

మా వాళ్లు పడవల్లో ఉన్నవాళ్లను పిలిచేది అలాగే. రెండు కెరటాల నడుమ సముద్రం ఒక్క గుక్కసేపు ఊరుకుంటుంది. ఆ సందులో పిలుపు చాలా దూరం పోతుంది. మామ్మ ప్రయత్నించింది కానీ, చుట్టలకు బొంగురుపోయిన గొంతు పైకి లేవలేదు. నన్ను ముందుకు తోసింది.

"నాను పిలిత్తే ఈ పడవ కూడా దాటదు. నువ్వు పిలవే!"

చుట్టూ క్వార్టర్ల జనం. నోరు పెగల్లేదు. ఒక కెరటం విరిగింది, సముద్రం ఊరుకుంది, ఇంకోటి లేచింది.

"ఏటే ఆ సిగ్గు? అక్కడ పిల్లోడు పోతన్నాడే!"

తర్వాతి కెరటం విరగ్గానే కళ్లు మూసుకుని "ఖోకా... ఓ...!" అని వదిలాను. ఐసు లారీ డ్రైవరైన బీహారాయన నా పక్కకొచ్చి "బబువా... హో...!" అని అందుకున్నాడు. వాళ్ల ఊళ్లో గంగ అవతలి గట్టువాళ్లను అలాగే పిలుస్తారట. బాబుని పిలిచే మాట వేరు, చివర నోరు గుండ్రంగా తెరుచుకోవడం మాత్రం ఒకటే.

మరో రెండు కెరటాలు విరిగాక రాళ్ల వెనక నుంచి సన్నగా వచ్చింది, "మా... గో...!"

డ్రైవరు నడుం లోతు నీళ్లలో పరిగెత్తి వాణ్ణి భుజాల మీద ఎక్కించుకొచ్చాడు. వాడి గుప్పిట్లో పీతపిల్ల. దాని వెనకాలే పోయాడన్నమాట! తల్లి ఇసుకలో కూలబడి ఏడుస్తూనే నవ్వింది. 'గో' అంటే ఏమిటని మామ్మ అడిగితే, వాళ్లలో అమ్మను ముద్దుగా పిలిచేటప్పుడు చివర అది చేరుస్తారని చెప్పింది. "అయితే మన 'ఓ'కి సుట్టమే" అని మామ్మ తేల్చేసింది. ఆవిడ నా గడ్డం పట్టుకుని, వచ్చీరాని తెలుగులో "ఈ గొంతు దాచొద్దు" అంది. ఎంత గర్వం వేసిందో! ఇంటికెళ్లేదాకా దారిన పోయే కుక్కలను కూడా 'ఓ' కట్టి పిలిచాను.

ఇప్పుడు గాజువాకలో ఉంటున్నాను. మనవరాలు రోడ్డు అవతల బస్సు దిగితే, లారీలు వెళ్లేదాకా ఆగి, ఆ సందులో దాని పేరు చివర 'ఓ' కట్టి వదులుతాను. సెంటరంతా తిరిగి చూస్తుంది. "ఫోన్ చేస్తే సరిపోద్ది కదా మామ్మా, పరువు తీసేత్తన్నావ్" అని విసుక్కుంటుంది. సరిపోతుంది, నిజమే. కానీ సిగ్గుపడి నేను వదిలేసిన ఆ ఒక్క కెరటం నాకింకా గుర్తుంది. పిలిచే గొంతు ఉండగా ఊరుకోవడం ఇక నావల్ల కాదు.