ఏడవనివ్వని శాంతి

ఇవాళ రత్నమ్మగారి సంవత్సరీకానికి వెళ్తే, గడపలోనే సాంబ్రాణి పొగ ముక్కుకు తగిలింది. ఆ వాసన వచ్చిన చోటల్లా మనుషుల ముఖాలు పరికించి చూడడం నాకు ఆమె నుంచే అబ్బింది.

పులికాట్ సరస్సు ఒడ్డున మా చిన్న ఆసుపత్రిలో ఆమె పెద్ద నర్సు. నేను ఆమె కింద కొత్తగా చేరాను. శనివారం ఒక్కపొద్దు ఆమెకు తప్పేది కాదు. సూది వేసే ముందు కూడా గోవిందా అనుకునేవారు.

ఆ ఏడే మా చెల్లెలు సుజాత భర్త చేపల వేటకు వెళ్లి, పడవ తిరగబడి చనిపోయాడు. సుజాతకు తిండీ నిద్రా పోయాయి. నెల్లూరు డాక్టరు మాత్రలతో కాస్త తేరుకుంటుండగా అమ్మ ఆమెను ఒక స్వామి ఆశ్రమంలో ఉంచింది. మూడు వారాల తర్వాత నేను చూడ్డానికి వెళ్తే తల దువ్వుకుని భజనలో తాళం వేస్తోంది. కంట నీటిచుక్క లేదు. అక్కడ మాత్రలు ఆపించారని తెలిసీ, నర్సునై ఉండీ, స్వామి కాళ్లకు మొక్కి వచ్చాను.

ఆ సంగతి సంబరంగా చెబితే రత్నమ్మగారి ముఖం విప్పారలేదు. ఎంత తింటోంది, నిద్రపోతోందా, ఒంటరిగా మాట్లాడావా అని అడిగారు. అవేవీ నేను కనుక్కోలేదు. ఆ అనుమానం నాకు కోపం తెప్పించింది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఆశ్రమానికి వచ్చారు. అందరితో పాటు గొంతెత్తి పాడారు. భజన అయ్యాక సుజాతను బావి దగ్గరికి తీసుకెళ్లి, నిద్ర పడుతోందా అని అడిగారు.

సుజాత నేల చూస్తూ అంది, "లేదమ్మా. ఏడిస్తే నా భక్తి చాల్లేదంటా ఉండారు. అందుకే ఏడవడం మానేసినా. ఆయన పోయిన నీళ్లలోకే పోవాలనిపిస్తా ఉండాది."

నేను సుజాత చెయ్యి పట్టుకున్నాను. రత్నమ్మగారు లోపలికి వెళ్లి, బిడ్డను తీసుకుపోతున్నామని స్వామికి చెప్పి వచ్చారు. ఆటోలో సుజాత ఆమె ఒళ్లో తలపెట్టి ఏడ్చింది. ఊరు వచ్చేదాకా రత్నమ్మగారు ఊరుకోమనలేదు. మళ్లీ డాక్టరు, మళ్లీ మాత్రలు. కుదుటపడటానికి ఏడాది పైనే పట్టింది.

మీకు దేవుడి మీద నమ్మకం లేదా అని తర్వాత ఒకసారి అడిగాను.

"ఆయన మీద నాకేం అనుమానం? మనిషి నోరు మూయించి, అదే శాంతి అనేవాళ్ల మీదనే," అన్నారు.

ఆమె చేసిన ఉద్యోగంలో ఇప్పుడు నేను ఉన్నాను. పూజలతో మనసు తేలికపడిందని ఎవరైనా చెబితే కాదనను. అక్కడ ఏడిస్తే ఏమంటారని అడుగుతాను. సుజాత శుక్రవారాలు గుడికి వెళ్లి నవ్వుతూ తిరిగొస్తుంది. అయినా రాత్రి నిద్ర పట్టిందా అని అడగకుండా ఉండలేను. ఎన్నిసార్లు అడుగుతావని విసుక్కుంటుంది. ఆ విసుగు వింటేనే నాకు ధైర్యం.