కోత వరుస

గన్నవరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెబుతాను. ఫైనలియర్ పిల్లల ప్రాజెక్టులు చూడటం కూడా నా పనే. విజయవాడలో తయారు ప్రాజెక్టులు అమ్మే షాపులున్నాయి. చాలామంది అక్కడ ఒకటి కొని, పైన తమ పేర్లు వేసి తెచ్చేస్తారు. నాకది పడదు. నా దగ్గర చేసేవాళ్ళు నిజంగా అవసరమున్న మనుషుల కోసమే చేయాలని, వాళ్ళ ఊరు వెళ్ళి వాళ్ళతో కూర్చోవాలని పట్టుబట్టాను.

ఆ ఏడాది ఒక జట్టుకు పామర్రు అవతల ఒక ఊరి రైతుల సంఘం దొరికింది. సంఘానికి రెండు వరికోత మిషన్లున్నాయి. అవి ముందు ఎవరి పొలంలో దిగాలన్న దగ్గర ఏటా గొడవే. నాట్లు వేసిన తేదీని బట్టి వరుస వేసి, ఎవరి నంబరు వాళ్ళకు ఫోన్లో కనిపించేలా యాప్ చేయాలి. ఆ వరుస ఎవరైనా మారిస్తే, మార్చిందెవరో అందరికీ తెలియాలి. ఈ రెండో షరతు నేను పెట్టిందే.

జట్టులో ఇద్దరబ్బాయిలు, ఒకమ్మాయి. అమ్మాయిది బందరు వైపు చేపల వ్యాపారం చేసుకునే కుటుంబం. నా ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో అంత శుభ్రంగా కోడ్ రాసిన పిల్లను చూడలేదు. గట్టు మీద నిలబడి రైతులతో ఇంట్లోవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడేది. సోమవారాలు ఇంటి నుంచి తెచ్చిన చేపల పులుసు మూత తీసి, ముందు నా ప్లేట్లో వేసేది. అబ్బాయిలు రాసింది ప్రతి లైనూ చదివేదాన్ని. ఆమె రాసింది చదవకుండానే బాగుందనేదాన్ని.

అక్టోబరులో సంఘం గదిలో యాప్ అప్పగించాం. కార్యదర్శి చాలా మర్యాదస్తుడు. వెళ్ళినప్పుడల్లా మాకు కొబ్బరిబోండాలు కొట్టించేవాడు. ఆ రోజు వెనక కూర్చున్న ఒక కౌలు రైతు లేచింది. భర్త పోయాక రెండెకరాలు తనే సాగు చేసుకుంటున్న మనిషి.

"పుస్తకంలో పేరు కొట్టేస్తే గీత కనపడుద్దండీ. ఫోన్లో కొట్టేస్తే మాకెట్టా తెలుస్తది?" అని అడిగింది.

"తెలుస్తుందమ్మా. ఎవరు మార్చినా మీ ఫోన్లో కనిపిస్తుంది. దానికి నాదీ పూచీ" అన్నాను. అమ్మాయి నా పక్కనే కూర్చుని ఉంది. తల కూడా ఎత్తలేదు. అలసిపోయిందనుకున్నాను.

తర్వాత కార్యదర్శి ఆ పిల్లను మెచ్చుకుంటూ కాలేజీకి ఉత్తరం రాశాడు. దాన్ని క్లాసులో అందరి ముందూ చదివి వినిపించాను. ఆ ఉత్తరం ఇంటర్వ్యూలో చూపించానని, ఒక హైదరాబాదు కంపెనీ వాళ్ళు అది నచ్చి ఉద్యోగమిచ్చారని ఆమె చెబితే, నాకే ఉద్యోగం వచ్చినంత సంబరపడ్డాను.

డిసెంబరు మొదట్లో వాయుగుండం అన్నారు. మబ్బు పట్టిన ఒక ఉదయం ఆ కౌలు రైతు రెండు బస్సులు మారి కాలేజీకి వచ్చింది. స్టాఫ్ రూమ్ గుమ్మంలోనే నిలబడి ఫోన్ నా చేతిలో పెట్టింది.

"నిన్న పొద్దున నాది నాలుగో నంబరండీ. ఇయ్యాల పదకొండు. ఎవురు మార్చారో అందులో కనపడట్లేదు. వాన వచ్చేస్తంది మేడం గారూ."

మార్పులన్నీ నమోదయ్యే చరిత్ర పేజీ తెరిచాను. ఖాళీగా ఉంది. ఏదో సాంకేతిక లోపమనుకుని, ఆమెను కూర్చోబెట్టి ల్యాబులో కోడ్ తీశాను. అందులో మా డిజైన్‌లో లేని పేజీ ఒకటి కనిపించింది. అది కార్యదర్శి ఫోన్ నంబరుకు మాత్రమే తెరుచుకుంటుంది. అక్కడి నుంచి వరుస మారిస్తే చరిత్రలో నమోదు కాదు. రాసింది అమ్మాయే. రాసిన తేదీ, నేను పూచీ పడ్డ రోజుకు నాలుగు రోజుల ముందు.

పిలిపించాను. తెర వంక ఒక్కసారి చూసి, ఏమీ బుకాయించలేదు.

"సెక్రటరీ గారు అడిగారు మేడమ్. అర్జెంటైతేనే వాడతానన్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు వద్దంటారు కదా."

"అక్కడ నేను ఆవిడకు మాటిస్తుంటే విన్నావు గదా!"

"క్లయింటు ఏమడుగుతున్నాడో శ్రద్ధగా వినమని మీరే చెప్పారు మేడమ్" అంది.

ఎగతాళిగా అన్న మాట కాదది. నిజంగానే అలా అనుకుందేమో. అందుకే నాకు ఎక్కువ బాధేసింది. చరిత్ర పేజీకి ఎక్కకపోయినా సర్వర్లో జాడ మిగులుతుంది; ఆ దొంగ పేజీలో జరిగిన మార్పులన్నీ అక్కడి నుంచి తీసి ప్రింటు చేయించమన్నాను. చేసి ఇచ్చింది. కాగితాలు సంచిలో పెట్టుకుని, కౌలు రైతుతో కలిసి విజయవాడ వచ్చి బందరు బస్సెక్కాను. ఉయ్యూరు దాటేసరికి చినుకులు మొదలయ్యాయి. ఆమె కిటికీలోంచి కోయని చేలనే చూస్తూ కూర్చుంది.

కార్యదర్శి ఎప్పటిలాగే ఎదురొచ్చాడు. "రండి మేడం గారూ, తడిసిపోయారు. కాఫీ చెప్తాను."

"వరుస ఎందుకు మార్చారండీ?"

"అందరికీ ఒకేసారి కొయ్యలేం కదండీ. కొంచెం అటూ ఇటూ సర్దాలి. సంఘం నడపడమంటే పిల్లలకి పాఠం చెప్పినట్టు కాదండీ" అన్నాడు నవ్వుతూ.

గదిలో ఉన్న రైతులందరి ముందూ కాగితాలు చదివాను. ఎవరి పేరు ఎప్పుడు పైకెళ్ళిందో, ఎవరిది కిందికి దిగిందో చదువుతుంటే ముందు కేకలు లేచాయి. తర్వాత, పైకెళ్ళిన పేర్లవాళ్ళు ఒక్కొక్కరే బయటికి జారుకున్నారు. వాళ్ళలో ముగ్గురు కార్యదర్శి బంధువులు. మిగిలినవాళ్ళు పట్టుబట్టి మిషన్‌ను కౌలు రైతు పొలానికి తోలించారు. అప్పటికే సగం చేను పడిపోయి నీళ్ళలో ఉంది. మిగతా సగమే కోయగలిగారు.

గట్టు మీద తడుస్తూ నిలబడ్డ నా దగ్గరికి ఆమె వచ్చి, "ఆయన సంగతి నాకు తెలుసమ్మా. మీ మాట మీదే నేను వరుసలో పేరు రాయించుకున్నా" అంది. కోపం కూడా లేదు ఆ గొంతులో.

మరుసటి వారమే సంఘం యాప్ తీసేసి మళ్ళీ పుస్తకం పెట్టుకుంది. కార్యదర్శి కార్యదర్శిగానే ఉన్నాడు. కాలేజీలో అమ్మాయి మార్కులు తగ్గిస్తానంటే మా విభాగాధిపతి, "క్లయింటు మెచ్చుకుంటూ రాసిచ్చాడు. మీరూ సంతకం పెట్టారు. ఇప్పుడేమని తగ్గిస్తాం?" అన్నారు. మార్కులు అలాగే ఉంచాను.

ఆ తర్వాత సోమవారాలు ఒక్కదాన్నే భోజనం చేశాను. అమ్మాయి నా గదివైపు రాలేదు. మే నెలలో, హైదరాబాదు వెళ్ళేముందు ఒకసారి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"ఆవిడ పొలం ఎంత పోయింది మేడమ్?"

ఇన్ని నెలల్లో ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

"ఎకరం."

గుమ్మంలోనే ఏడ్చింది. కూర్చోమన్నాను, మంచినీళ్ళిచ్చాను. మునుపైతే దగ్గరికి తీసుకునేదాన్ని. ఆ రోజు నా చెయ్యి లేవలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళిపోయింది. తప్పు చేశానా అని ఇప్పటికీ అనుకుంటుంటాను. అయినా, ఇవాళ మళ్ళీ వచ్చి నిలబడినా ఆ చెయ్యి లేస్తుందని చెప్పలేను.