టీ కొట్టు వెనక బండ

మా ఊరి కొండను క్వారీకి ఇచ్చేస్తున్నారు. తూర్పు కనుమల్లోని ఆ కొండ నెత్తిన, బండలకు అంటుకుని నారింజ రంగు రాతిపువ్వు పెరుగుతుంది. చదువుకున్నవాళ్లు లైకెన్ అంటారు, చాలా అరుదట. నా కళ్లతో చూశానని ఎంత మొత్తుకున్నా విన్నవాడు లేడు. వచ్చే నెల క్వారీ మీద జరిగే విచారణకు, అది అక్కడుందనే పాత రికార్డు తెమ్మన్నారు. ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే హెర్బేరియం ఒకటి పంజాగుట్టలో ఉందంటే, రాత్రి బస్సెక్కి హైదరాబాద్ వచ్చాను.

పదింటికి అమీర్‌పేటలో దిగి, నా ఖర్మ కొద్దీ ఆటో ఎక్కాను. వంద రూపాయలు, ముప్పావుగంట. నడిచిపోయేవాళ్లు కూడా మమ్మల్ని దాటిపోయారు. డ్రైవర్ మాత్రం నిమ్మళంగా ఉన్నాడు.

“గంత దూరంకెళ్లి ఏం చూడనీకి వచ్చినవక్కా?”

“రాతిపువ్వు.”

“బిర్యానీల ఏస్తరు, గదేనా? బేగంబజార్ల మస్తు దొరుకుతది గదా.”

అది వేరు, ఇది వేరు అని చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

ఆఫీసు మూడో అంతస్తులో, లిఫ్టు పనిచేయదు. పదకొండింటికే భోజనానికని వెళ్లిపోయిన అధికారి రెండున్నరకు వచ్చి, బీరువాలోంచి కాగితపు పొట్లాలు తీసి బల్ల మీద పెట్టారు. ఒక్కోదాంట్లో ఉలితో కొట్టిన రాతి పెచ్చు, దాని మీద మా నారింజ పువ్వు. ప్రాణం లేచొచ్చింది. చీటీలు చదివాను. మొదటిది: ఘాట్ రోడ్డు మలుపు, టీ కొట్టు వెనక బండ. రెండోదీ అదే. అన్నీ అవే. అక్కడ నిలబడితే మా కొండ ఎదురుగానే కనిపిస్తుంది.

“ఇదేంటండీ, ఒక్కరైనా కొండెక్కలేదా?”

“జీపు ఆడిదాకనే పోతది మేడం. చాయ్ సుత మస్తుంటది. నేను పోయిన గదా.”

“మరి మా కొండ సంగతి?”

“రికార్డుల లేదు. లేదని రాసిస్త.”

“లేదని కాదండీ, ఎవరూ చూడలేదని రాయండి.”

“లేదని రాయొచ్చు మేడం. చూడలేదని రాయనీకి రూల్ లేదు.”

ఒళ్లు మండిపోయింది. ఆ కాగితం గనక విచారణలో పెడితే కొండను నా చేతులతో నేనే అప్పగించినట్టు. వద్దని లేచాను.

“పోనీ, నేనే పెచ్చు తెస్తే?”

“తెస్తే ఫికర్ లేదు. పొట్లం కట్టి రికార్డుల ఎక్కిస్త.”

తిరుగు బస్సులో కూడా కోపం తగ్గలేదు. ఇన్నేళ్లుగా మా కొండ మీద ఏమీ లేదన్న మాటకు ఆధారం, పైన టీ దొరకకపోవడమే. ఆదివారం ఉలి, సుత్తి తీసుకుని ఎక్కుతున్నాను. మీరూ ఈ పని మీద వెళ్లేట్టయితే, అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు మెట్రోలో ఒక్క స్టేషనే, ఆటో జోలికి పోకండి. కొండకు మాత్రం టీ ఫ్లాస్కులో పోసుకుని వెళ్లండి.