గుండిగ మీది పేరు

మా ఊళ్ళో పొలాల లెక్క రాయడానికి కరణంగారుండేవారు. ఇంటి లోపలి సామాను రాయడానికి మాత్రం ఎవరూ ఉండేవారు కారు. అన్నదమ్ములు వేరుపడేటప్పుడో, ఇంటికి తాళం వేసి కాశీ వెళ్ళేటప్పుడో, ఇంటి పెద్దావిడ పోయి తాళాలగుత్తి చేతులు మారేటప్పుడో లోపల ఏముందో ఒకరు పట్టీ రాసిపెట్టాలి. వంటింట్లోకి పరాయి మగవాణ్ణి ఎవరు రానిస్తారు? నాకు మూడో తరగతి దాకా చదువుంది. అక్షరం గుండ్రంగా ఉంటుంది. మా వారు కొబ్బరికాయల పడవల మీద నెలల తరబడి తిరిగేవారు, ఆయన పంపేది ఎంతో వచ్చేదాకా తెలిసేది కాదు. అలా ఆ పని నా చేతికొచ్చింది.

ఆ పనికి చదువుకన్నా నమ్మకం కావాలి. నగలపెట్టె చూపించడానికి ఇల్లాలు ఆలోచించదు. చిరిగిన దుప్పట్లు, సొట్టలు పోయిన గిన్నెలు చూపించాలంటేనే ముఖం ముడుచుకుంటుంది. అందుకని నేను ఏ వస్తువూ ముట్టుకునేదాన్ని కాను. ఇల్లాలే ఎత్తి చూపించాలి, నేను గడప దగ్గర కూర్చుని రాయాలి. పని అయ్యేదాకా ఆ ఇంట మంచినీళ్ళు పుచ్చుకోను. వచ్చేటప్పుడు అందరి ఎదుటా కొంగు దులిపి మరీ బయటికి వస్తాను. పక్కింటి సంగతులు అడిగినవాళ్ళతో, “ఆవిడ చీరలెన్నో మీకు చెబితే, మీ చీరలెన్నో ఆవిడకీ చెప్పాలి కదండీ” అనేదాన్ని. మళ్ళీ అడిగేవారు కారు.

ఇత్తడి సామాను ఎవరిదని తగాదా వస్తే దాని మీద చెక్కిన పేరే నాకు ప్రమాణం. మా వైపు బిందె కొన్నా చెంబు కొన్నా కంచరి చేత పేరు చెక్కించకుండా ఇంటికి తేరు. ఊళ్ళో ఒక పెళ్ళయితే పది ఇళ్ళ గిన్నెలు కలిసిపోతాయి మరి. పుట్టింటివారు పెట్టిన సామాను మీద ఆడపిల్ల తండ్రి పేరుంటుంది, అది ఆ కోడలి సొంతం. అత్తింటి మగవాళ్ళ పేరుంటే ఉమ్మడిది. చదవడం, రాయడం. ఇందులో నా మాటంటూ ఏమీ లేదనే నన్ను పిలిచేవారు.

స్వతంత్రం వచ్చిన కొత్తల్లో, రాజోలు వైపు కాలవ ఒడ్డునున్న ఒక ఉమ్మడి ఇంటినుంచి కబురొచ్చింది. వాళ్ళు ముగ్గురన్నదమ్ములు. నడిపివాడు అంతకుముందే పోయాడు. మిగిలిన ఇద్దరూ వేరుపడుతున్నారు. పిల్లలు లేని నడిపి కోడల్ని తన దగ్గరే ఉంచుకుంటానని పెద్దాయన అన్నారట. ఉంచుకోవడమంటే వంటపొయ్యి దగ్గర ఉంచుకోవడమే, అది ఊరందరికీ తెలుసు. ఆవిడకి ఒకటే ఆశ ఉండేది. పుట్టింటివారు పెట్టిన పెద్ద గుండిగ ఒకటుంది. పెళ్ళిభోజనాలకి అన్నం వండాలంటే ఆ చుట్టుపక్కల అంత గుండిగ ఇంకొకటి లేదు. అది తన వాటాకి వస్తే చిన్న వసారా తీసుకుని, గుండిగ అద్దెకిచ్చుకుంటూ తన అన్నం తను తింటానని ఆవిడ అందరితోనూ అనేది.

నేను వెళ్ళేసరికి చిన్నకోడలు గుమ్మంలో ఎదురొచ్చింది.

“రండి అక్కగారూ, రండి. మా ఆయన్ని కూడా పట్టీలో రాసుకోండి. మీద పేరు లేదు గానీ, నాదే.”

“ఆయ్, మీరు ఎత్తి చూపిస్తే రాస్తానండి” అన్నాను. లోపల ఆడవాళ్ళంతా నవ్వారు. నడిపి కోడలు కూడా నవ్వింది.

బిందెలయ్యాయి, కంచాలయ్యాయి. ఇద్దరు పట్టుకుని గుండిగ దొర్లించుకొచ్చారు. కొత్త ఇత్తడి, మెరిసిపోతోంది. అంచు మీద పెద్దాయన పేరుంది.

“అది నాదండి” అంది నడిపి కోడలు.

“పెద్దాయనగారి పేరుందండీ.”

“పాతది అడుగు చిల్లుపడితే బావగారే కంచరికిచ్చి మార్పించుకొచ్చేరు. ఆ ఇత్తడంతా నాదే కదండీ. కొట్లో తన పేరు చెప్పి చెక్కించేసేరు. మా అత్తగారు కాశీ వెళ్ళినప్పుడు మీరే రాసేరు అక్కగారూ, మా నాన్నగారి పేరుతో. గుర్తు లేదా అండీ?”

గుర్తుంది. తండ్రి పేరు పక్కన కంచరి చెక్కిన చిన్న పువ్వు కూడా గుర్తుంది. నేను తలెత్తలేదు.

“కంచరిని పిలిపించి అడిగితే పోతుంది కదండీ” అంది చిన్నకోడలు. అవతల సావిట్లోంచి ఆవిడ మొగుడు గట్టిగా దగ్గాడు. ఆవిడ పక్కకి తిరిగి కంచాలు సర్దడంలో పడింది. ఆ వెనకే పెద్దాయన గొంతు వినపడింది.

“ఎవరి మాటలూ వినకండమ్మా. ఉన్నదున్నట్టు రాస్తారనే కదా మిమ్మల్ని పిలిపించేం.”

గుండిగ ఒకటి, ఉమ్మడిది అని రాశాను.

మర్నాడు పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని పట్టీ చదివించారు. గుండిగ దగ్గరికి వచ్చేసరికి తలుపు వెనకనుంచి నడిపి కోడలి ఏడుపు వినిపించింది. వాళ్ళలో ఒకాయన నన్ను పిలిచి, “ఏమ్మా, దీంట్లో అనుమానమేమైనా ఉందా?” అని నెమ్మదిగా అడిగారు. ఆ ఒక్కమాటు నోరు విప్పితే సరిపోయేది. కానీ ఆ వారమే అమలాపురంలో ఒక పెద్దింటినుంచి నాకు పిలుపొచ్చింది. రాసిన పట్టీ ఒకరు ఏడిస్తే మార్చేసిందన్న మాట అక్కడికి చేరితే ఇంకెవరు పిలుస్తారు? పైగా ఒక పట్టీకి చూసిన సంగతి ఇంకో పట్టీ దగ్గర చెప్పకపోవడమే నా పద్ధతని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

“కంటికి కనిపించిందే రాశానండి” అన్నాను.

“ఆవిడ అన్నాక ఇంక అడిగేదేముంది” అన్నారు. గుండిగ పెద్దాయన వాటాలో పడింది.

దాంతో నా పేరు మోగిపోయింది. మొగుడు పోయిన మనిషి ఏడ్చినా ఆవిడ కలం కదల్లేదట అని చెప్పుకున్నారు. కొత్తపేటనుంచి కూడా మనుషులొచ్చారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు అన్నం సయించేది కాదు. కంచంలో అన్నం పారేయడం చేతకాని మనిషిని, మింగేదాన్ని.

ఉండబట్టలేక ఒకసారి పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. “ఆ గుండిగ సంగతండీ. పాతదాని మీద వేరే పేరుండగా నేను చూశాను” అన్నాను.

ఆయన నవ్వారు. “నాకూ తెలుసమ్మా. మరి అరుగు మీద అడిగినప్పుడు చెప్పలేదే? ఇప్పుడు చెబితే మీరు రాసిన ఇళ్ళన్నీ మళ్ళీ పంచుకోమంటారా?”

నడిపి కోడల్ని పలకరించకుండానే పెరటిదారిన వచ్చేశాను.

ఏడాది తిరిగాక ఆవిడే నన్ను పిలిపించింది. వాడపల్లి దగ్గర తమ్ముడింటికి వెళ్ళిపోతోంది. ఇంటి సామాను ఒక్కటి కూడా బయటికి పోకూడదన్నారట పెద్దాయన. “అయితే ఆ పట్టీలు రాసే ఆవిడ చేత రాయించండి. ఆవిడ రాస్తే మీరూ నమ్ముతారు, రేపు నా మీద నింద పడకుండానూ ఉంటుంది” అందట.

ఒక రేకుపెట్టె. రెండు చీరలు, దుప్పటి, అద్దం. ఆవిడ ఒక్కొక్కటే ఎత్తి చూపించింది, నేను రాశాను. ఇద్దరం ఇంకో మాట అనుకోలేదు. పెద్దాయన పక్కనే నిలబడ్డారు. చివర ఇత్తడి చెంబు ఒకటి తీసింది. తోమి తోమి అరిగిపోయి, దాని మీద ఏ పేరూ కనపడడం లేదు.

“ఇది ఎవరిదని రాస్తారండీ?” అంది.

“మీ నాన్నగారి పేరుందండీ” అన్నాను.

పెద్దాయన వంగి చూశారు. “నాకేం కనపడట్లేదే?”

“నాకు కనపడుతోందండీ.”

ఆయన వెనక్కి జరిగారు. నేను చెప్పాక ఆ ఇంట్లో మాట్లాడేదేముంది?

ఆవిడ చెంబు వైపు చూసింది, నా వైపు చూసింది. చెంబు తీసుకెళ్ళి వంటింటి గట్టు మీద పెట్టి వచ్చింది.

“గుండిగప్పుడు మీ మాట కావలసొచ్చిందండి నాకు” అంది మెల్లిగా. “చెంబుకి అక్కర్లేదు. పట్టీలోంచి కొట్టేయండి.”

కొట్టేశాను. ఆవిడ పెట్టె నెత్తిన పెట్టించుకుని రేవుకి నడిచింది. వెనకాలే వెళ్ళి పడవ దాకా సాగనంపుదామనుకున్నాను, గడప దగ్గరే ఉండిపోయాను.

పెద్దాయన పట్టీ మడిచి జేబులో పెట్టుకున్నారు. “వచ్చే నెల మా వియ్యాలవారు వేరుపడుతున్నారు. మిమ్మల్నే పిలవమని చెప్పేను. వస్తారు కదా?” అన్నారు.

“ఆయ్, వస్తానండి” అన్నాను.