టెంపో లేని ఎత్తు

సూరత్ మగ్గాల దుమ్ముకు నా ఊపిరి పాడైందని, ఆసుపత్రిలో కదలని సైకిల్ తొక్కి నెగ్గితేనే మిల్లులో ఉంచుతామన్నారు. పరీక్ష చేసే అమ్మాయి మన తెలంగాణవాళ్ల బిడ్డే, పుట్టింది ఇక్కడే.

"ముప్పై ఏండ్లు కామ్‌రేజ్ నుంచి మిల్లుదాంక సైకిలు ఆగకుండ తొక్కినోణ్ణి బిడ్డా. దారిల వంతెన ఎత్తే లెక్కచెయ్యలే, ఇదో లెక్కనా?" అన్నాను.

"దేఖ్ లేంగే కాకా, చూద్దం," అంటూ ముక్కూ నోరూ మూసే మాస్కు తగిలించి, పెడల్ బిగువు పెంచింది.

మూడో నిమిషానికే తొడల్లో కారం పోసినట్టయింది.

"కండలు ఆక్సిజన్ అడుగుతున్నయ్ కాకా, నీ ఊపిరి అంత పంపుతలేదు. అది చాలకనే గీ మంట. గిట్ల ఎక్కువసేపు నడ్వది. ఆపుదమా?"

తల అడ్డంగా ఊపాను. ఈ పని పోతే ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు? ఇంకొంచెం తొక్కాను. కాళ్లు ఆగిపోయాయి. కుడిచెయ్యి మాత్రం దానంతటదే ముందుకు సాగి ఆమె కోటు అంచు పట్టుకుంది.

మాస్కు తీశాక నిజం చెప్పాను. ఎత్తు వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక టెంపో వెనక గొలుసు కుడిచేత్తో పట్టుకుని, అది లాగితేనే సైకిలు మీద ఎక్కేవాణ్ణి. అదీ ముప్పై ఏళ్లు కాదు, పదకొండు.

"ఇయ్యాల టెంపో లేదు కాకా," అంది ఆమె, కాగితం మీద ఫలితం రాస్తూ.

నేనింకా కోటు వదల్లేదు.